సినిమా చూశాక మన అభిప్రాయం మన మాటల్లో చెప్పడం ఎలా

సినిమా అయిపోయి లైట్లు వెలగ్గానే పక్కనున్నవాళ్లు "ఎలా ఉంది?" అని అడుగుతారు, మనం "బాగుంది" అంటాం, లేదంటే "వన్ టైమ్ వాచ్" అంటాం, మరీ విసుగొస్తే "సెకండాఫ్ ల్యాగ్" అనేసి లేచిపోతాం. రెండున్నర గంటలు కూర్చుని నవ్వి, భయపడి, ఒకచోట కళ్లు తుడుచుకుని, ఇంకోచోట ఫోన్ తీసి టైమ్ చూసుకుని బయటికొచ్చిన మనిషి దగ్గర చెప్పడానికి ఇంకా చాలా ఉంటుంది. అది నోటిదాకా రాదు, అంతే. మొదలెక్కడ పెట్టాలో తెలియక రాదు. నేను సినిమా చదువు చదవలేదు, కెమెరా పట్టుకున్నదీ లేదు, వారానికి ఒకటో రెండో చూసే మామూలు ప్రేక్షకుణ్ణి. కాకపోతే కొన్నేళ్లుగా చూసిన ప్రతి సినిమా మీదా నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంటున్నాను, అలా రాయగా రాయగా చేతికి అలవాటైన పద్ధతి ఇది.

పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఎక్కడ? ఎక్కడ నచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు. ఫలానా చోట అని వేలు పెట్టి చూపిస్తే ఎదుటివాళ్లు మీతో ఒప్పుకోకపోయినా వింటారు, ఎందుకంటే ఆ చోటు వాళ్లూ చూశారు, అక్కడ తమకేమనిపించిందో వాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. "టేకింగ్ బాలేదు" అన్నామంటే ఇక అవతలివాళ్లు అనగలిగేది "నాకు బానే ఉందే" ఒక్కటే.

ఆ రాత్రే మూడు చోట్లు

సినిమా చూసిన రోజు పడుకునేలోపు మూడు చోట్లు రాసుకోండి. కథ రాయొద్దు, కథ ఎక్కడైనా దొరుకుతుంది. ఒకటి, మీరు ఒళ్లు మరిచిపోయి చూసిన చోటు. రెండు, టైమ్ ఎంతయిందో చూసుకున్న చోటు, లేదా మనసు ఇంటిపనుల మీదకు పోయిన చోటు. మూడోది "ఇదేంటి, ఇలా ఎందుకు చేశారు" అనిపించిన చోటు, అది మంచికైనా చెడుకైనా. ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. ఆ రాత్రి ఎందుకంటే, తెల్లారేసరికి మనం నాలుగు రివ్యూలు చదివేస్తాం, రెండు వీడియోలు చూస్తాం, ఎవరో ఒకరు ఫోన్ చేసి తమ మాట చెప్తారు, ఆ తర్వాత మనకు నిజంగా ఏమనిపించిందో, వాళ్లు చెప్పాక ఏమనిపించిందో విడదీయలేం. నా పాత నోట్సులో రెండు మూడు చోట్ల రాత్రి రాసింది ఒకటి, మర్నాడు స్నేహితులతో మాట్లాడి వచ్చాక రాసింది ఇంకొకటి ఉన్నాయి. రెండోదాంట్లో మాటలు బాగున్నాయి గానీ అవి నావి కావు.

ఫోన్‌లో టైమ్ చూసుకోవడాన్ని చిన్న విషయం అనుకోకండి. చేయి దానంతటదే జేబులోకి పోయిన ఆ క్షణంలో తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపెట్టుకోండి, సినిమా మీ మీద పట్టు వదిలేసింది అక్కడే. చాలాసార్లు ఆ సీను బానే ఉంటుంది, లోపం అంతకు పది నిమిషాల ముందు ఉంటుంది.

"ల్యాగ్" అన్నాక ఇంకో మాట

మనందరి దగ్గరా కొన్ని రెడీమేడ్ మాటలున్నాయి: ల్యాగ్, ఓవర్, ఫ్లాట్, కనెక్ట్ కాలేదు, రొటీన్, బీజీఎం అదిరింది. వీటిని తీసిపారేయమని నేను అనను, ఎక్కడో ఏదో తగిలితేనే కదా ఆ మాట నోటికొచ్చేది. దాని వెంట "అంటే?" అని ఇంకో ప్రశ్న వేసుకోవాలి. నాకు ఎక్కువ నేర్పింది ల్యాగ్ అన్న మాటే కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్తాను.

ల్యాగ్‌లో కనీసం మూడు రకాలున్నాయి. మనకు అర్థమైపోయిన విషయాన్నే సినిమా మళ్లీ చెప్తుంటే వచ్చేది ఒకటి: హీరోకి తండ్రంటే ప్రాణమని మొదటి సీనులోనే తెలిసింది, అయినా ఇంకో మూడు సీన్లు దాని మీదే. పాత్రకు ఏం కావాలో మనకు తెలియనప్పుడు వచ్చేది ఇంకొకటి. తెర మీద గొడవలు, ప్రయాణాలు, ఛేజింగులు ఎన్నో జరుగుతుంటాయి గానీ అతను గెలిస్తే ఏమిటి, ఓడితే ఏమిటి అన్నది మనకు అందదు, అందుకే ఎంత వేగంగా కట్ చేసినా బరువుగానే ఉంటుంది. చాలామంది సెకండాఫ్ ల్యాగ్ అనేది ఈ రెండో రకమే. ఇంటర్వెల్ దాకా ఒక ప్రశ్న నడిపించి, ఇంటర్వెల్ బ్యాంగ్‌తో దానికి సగం జవాబు చెప్పేసి, తర్వాత కొత్త ప్రశ్న ఇవ్వడం మర్చిపోతే ఎవరికైనా ఆవలింత వస్తుంది.

మూడో రకం పూర్తిగా వేరు. దర్శకులు కావాలనే నెమ్మదిగా నడిపిస్తారు. షాంటాల్ ఆకర్‌మన్ 1975లో తీసిన జాన్ డీల్‌మాన్ 201 నిమిషాల సినిమా, అందులో ఒక ఇల్లాలు మూడు రోజులపాటు వంట చేయడం, గిన్నెలు కడగడం, పక్క సర్దడం, ఇవన్నీ దాదాపు నిజంగా పట్టేంత సేపు చూపిస్తారు, కెమెరా కదలదు. మొదటిసారి గంట తర్వాత ఆపేశాను, నాకు కోపం వచ్చింది. కొన్ని నెలల తర్వాత మళ్లీ కూర్చున్నాను. రెండో రోజు ఆమె ఆలుగడ్డలు ఎక్కువ ఉడికించేసిన చోట నేను ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాను, ఎందుకంటే అప్పటికి ఆమె ఏ పని ఎంత పద్ధతిగా చేస్తుందో నాకు ఆమెతో సమానంగా తెలుసు, ఆ చిన్న తప్పు నాకు పెద్ద ప్రమాదంలా కనిపించింది. మొదటి గంట అంత మెల్లగా లేకపోతే ఆలుగడ్డలు ఉడికిపోవడం ఎవరికి పట్టేది? కాబట్టి నెమ్మదిగా ఉంది అనుకోగానే, ఈ నెమ్మది తర్వాత ఎక్కడైనా పనికొచ్చిందా అని చూడండి. పనికి రాలేదా, అప్పుడు ల్యాగ్ అనండి, ధైర్యంగా అనండి. అలాంటి సినిమా నచ్చకపోయినా తప్పేం లేదు, నచ్చలేదన్న మాట పక్కన అది ఏం చేయబోయిందో కూడా చెప్తే చాలు.

"నటన అద్భుతం" అనేది ఇంకో మాట. దీనికి సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేశాడని చెప్పే ప్రయోగం గుర్తుపెట్టుకుంటే మంచిది. ఒక నటుడి మొహం, ఏ భావమూ లేని ఒకే షాట్, దాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటికలో ఉన్న పాప పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపిస్తే, చూసినవాళ్లు అతని మొహంలో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయని మెచ్చుకున్నారట. అంటే మనం నటనకు ఇచ్చే మార్కుల్లో కొన్ని ఎడిటింగ్‌వి. దీన్ని విడదీయడానికి నేను చేసేది ఏమిటంటే, కట్ లేకుండా ఎక్కువసేపు నడిచిన షాట్ ఒకటి వెతుక్కుని ఆ నటుణ్ణి అందులో చూస్తాను, ముఖ్యంగా డైలాగ్ తనది కాని సమయంలో, ఎదుటివాడు మాట్లాడుతుంటే ఇతను ఎలా వింటున్నాడో చూస్తాను. వినడం తెలిసినవాళ్లు మంచి నటులని ఇన్ని సినిమాలు చూశాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

బీజీఎం సంగతికి ఇంకా సులువైన పరీక్ష ఉంది. ఇంట్లో చూస్తున్నట్టయితే ఆ సీను ఒకసారి మ్యూట్‌లో చూడండి. 1960లో వచ్చిన సైకోలో బాత్రూమ్ హత్య సీనుకు అసలు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు, బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో చేసిన సంగీతం విన్నాక మనసు మార్చుకున్నాడు. మ్యూట్ చేసి చూస్తే ఆ సీను కత్తిరింపుల వల్లే ఎంత భయపెడుతుందో తెలుస్తుంది, సౌండ్ పెట్టగానే ఆ వయొలిన్లు దాన్ని ఎంత పైకి తీసుకెళ్లాయో తెలుస్తుంది, రెండూ వేరువేరుగా అర్థమవుతాయి. కొన్ని సినిమాల్లో మ్యూట్ చేస్తే అక్కడ ఏమీ మిగలదు, ఒకతను నడిచి వస్తుంటాడు, అంతే. అప్పుడు "బీజీఎం అదిరింది" అనే మాట మెచ్చుకోలో ఫిర్యాదో మీరే తేల్చుకోవచ్చు.

ఏ సినిమాను ఆ సినిమా కొలతతోనే

మామూలు ప్రేక్షకుడి బలం ఏమిటంటే అన్ని రకాలూ చూస్తాడు. బలహీనత కూడా అక్కడే ఉంది, నిన్న చూసిన సినిమా కొలబద్దతో ఇవాళ్టి సినిమాను కొలిచేస్తాడు. భయపెట్టే సినిమాలో లాజిక్ వెతకడం, కామెడీలో సందేశం వెతకడం, మాస్ సినిమాలో సహజత్వం వెతకడం, ఇవన్నీ నేనూ చేశాను. ఇప్పుడు ముందు అడిగేది ఇదే: ఈ సినిమా నాకేం చేద్దామని వచ్చింది, అది చేయగలిగిందా? ఆ పని చేయదగ్గదేనా అన్నది రెండో ప్రశ్న, అదీ అడగాలి, కానీ రెండోసారి.

మాస్ సినిమా చూస్తే ఎలివేషన్ గురించి మాట్లాడకుండా ఉండలేం. ఎలివేషన్ పండిందా లేదా అన్నది స్లో మోషన్‌లో ఉండదు, దానికి ముందు పది పదిహేను నిమిషాల్లో ఉంటుంది. ఎవరికి అన్యాయం జరిగింది, విలన్ ఎంత బలవంతుడని మనం నమ్మాం, హీరో ఎంతసేపు ఓర్చుకున్నాడు, ఇవి గట్టిగా కట్టుకుంటే హీరో కుర్చీలోంచి లేచినా ఈల వేస్తాం. కట్టుకోకపోతే లారీలు గాల్లోకి లేచినా మనం కుర్చీలోంచి కదలం. కాబట్టి ఫైటు బాగుందా అని కాకుండా ఫైటు మొదలయ్యే ముందు నాకు అది కావాలనిపించిందా అని అడగండి. పాటకూ ఇదే: పాటను తీసేసి చూస్తే హీరో హీరోయిన్ల మధ్య ఏదైనా మారకుండా పోతుందా? పోకపోతే పాట మంచిదే కావచ్చు, సినిమాకు మాత్రం అవసరం లేదు.

హారర్‌కి నేను పెట్టుకున్న ప్రశ్న, భయం ఎంతసేపు ఉంది అని. ఢామ్మని శబ్దం చేసి ఉలిక్కిపడేలా చేయడం ఎవరైనా చేస్తారు, ఉలికిపాటు రెండు సెకన్లలో పోతుంది. 1975 నాటి జాస్‌లో సొర చేపను చాలాసేపటిదాకా సరిగ్గా చూపించరు, దానికి ఒక కారణం వాళ్లు చేయించుకున్న మెకానికల్ సొర ఉప్పునీళ్లలో మాటిమాటికీ పాడైపోవడం. దర్శకుడు స్పీల్‌బర్గ్ దాని బదులు నీళ్లు, తేలే పీపాలు, జాన్ విలియమ్స్ సంగీతం పెట్టి నడిపించాడు, దాంతో సినిమా పొడుగునా నీళ్లను చూస్తేనే భయమేసింది. ఏదైనా హారర్ సినిమాలో దెయ్యం కనిపించాక మీ భయం పెరిగిందా, తగ్గిందా, అది రాయండి. అంతకు మించిన రివ్యూ అక్కర్లేదు.

కామెడీ గురించి చెప్పడం అన్నిటికంటే కష్టం. నవ్వొచ్చిందా లేదా అన్నదానికి వాదన లేదు. ఒంటరిగా చూశారా, హాలు నిండా జనంతో చూశారా అన్నది మాత్రం తప్పకుండా చెప్పండి, రెండూ ఒకే సినిమా కావు.

యానిమేషన్ అనగానే "పిల్లల సినిమా" అని పక్కన పెట్టేవాళ్లతో నాకు పెద్ద పేచీ. 1988 ఏప్రిల్ 16న జపాన్‌లో స్టూడియో జీబ్లీ రెండు సినిమాలు ఒకే టికెట్ మీద విడుదల చేసింది: మియజాకి తీసిన మై నేబర్ టొటొరో ఒకటి, తకహాటా తీసిన గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ ఒకటి. మొదటిది అడవిలో ఉండే మెత్తటి పెద్ద జీవి దగ్గర ఇద్దరు పిల్లలు ఆడుకునే కథ, రెండోది యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో ఏమయ్యారో చెప్పే కథ, ఆ సినిమా చూసిన రాత్రి నేను మూడు చోట్లు రాయలేకపోయాను, ఒక్కటే రాసి పుస్తకం మూసేశాను. రెండూ బొమ్మలే, కానీ రెండింటినీ ఒకే మాటతో తూచగలమా? బొమ్మ అన్నది చెప్పే తీరు మాత్రమే. అక్కడ అడగాల్సింది, మనుషులతో తీస్తే రానిది బొమ్మల్లో ఏం వచ్చింది అని.

డాక్యుమెంటరీ చూసినప్పుడు "అంతా నిజమే కదా, ఇందులో బాగుండటం, బాగోకపోవడం ఏముంటుంది" అనుకుంటాం. మంచు ప్రాంతంలో బతికే ఇన్యూట్ కుటుంబం మీద 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన నానూక్ ఆఫ్ ది నార్త్‌లో ఇగ్లూ (మంచు ఇల్లు) లోపలి సీన్ల కోసం వెలుతురు చాలక ఒక పక్క తెరిచి ఉన్న సగం ఇగ్లూ కట్టించారు, అప్పటికే తుపాకులు వాడుతున్న మనుషుల చేత పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించారు. అలాగని అది అబద్ధాల సినిమా అని కొట్టేయలేం, అందులో ఆ మంచు, ఆ గాలి నిజం. డాక్యుమెంటరీకి నా ప్రశ్నలు రెండే: ఈ షాట్ తీయడానికి కెమెరా అక్కడికి ఎలా వెళ్లింది, ఈ కథలో మాట్లాడాల్సినవాళ్లు ఎవరు కనిపించలేదు.

కనిపించనివాళ్ల గురించి అడగడం కథా చిత్రాల్లోనూ పనికొస్తుంది. 1957 నాటి మాయాబజార్‌ను మనలో చాలామంది పదిసార్లు చూసి ఉంటాం, ఆ సినిమాలో పాండవులు ఒక్క షాట్‌లోనైనా కనిపించరని ఎవరో చెప్పేదాకా నేను గమనించలేదు. అభిమన్యుడు ఉన్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడు ఉన్నాడు, అర్జునుడు లేడు, భీముడు లేడు, అయినా వెలితి తెలియదు. తెలిశాక మళ్లీ చూస్తే కె.వి.రెడ్డి కథను ఎంత గట్టిగా పెళ్లి చుట్టూ తిప్పాడో కనిపించింది. ఇలాంటిది ఒక్కటి మీ అంతట మీరు పట్టుకున్నారంటే పదిమంది విమర్శకుల మాటలు చదివినదానికంటే ఎక్కువ ఆనందం.

పాత సినిమాలు, మూకీలు, వేరే భాషలవి చూసేటప్పుడు మొదటి ఇరవై నిమిషాలకు మార్కులు వేయకండి. కళ్లు ఆ నడకకు అలవాటు పడాలి. చాప్లిన్ 1931లో సిటీ లైట్స్ విడుదల చేసేసరికి టాకీలు వచ్చేసి కొన్నేళ్లయింది, అయినా ఆయన మాటలు పెట్టలేదు. మన సింగీతం శ్రీనివాసరావు 1987లో పుష్పక విమానం మాటల్లేకుండా తీశారు, అందులో చుట్టూ శబ్దాలన్నీ ఉంటాయి, సంభాషణ ఒక్కటే ఉండదు. ఈ రెండూ చూశాక మామూలు సినిమాల్లో డైలాగులు ఎన్నిచోట్ల అనవసరమో చెవికి తెలిసిపోతుంది. వేరే భాష సినిమాకు ఒక జాగ్రత్త: సబ్‌టైటిల్స్‌తో చూశారా, డబ్బింగ్ చూశారా చెప్పండి. డబ్బింగ్‌లో గొంతు వేరేవాళ్లది, కాబట్టి డైలాగ్ చెప్పిన తీరు నచ్చకపోతే ఆ నింద తెర మీద ఉన్న నటుడి మీద వేయకూడదు.

రేటింగ్ చూసి వెళ్లేముందు

రేటింగులు చూడొద్దని చెప్పను, నేనూ చూస్తాను. ఆ అంకె దేన్ని లెక్కపెడుతోందో తెలిసి చూడాలి. రాటెన్ టొమాటోస్ అనే రివ్యూల వెబ్‌సైట్‌లో కనిపించే శాతం సినిమాకు వచ్చిన మార్కు కాదు, రివ్యూ రాసినవాళ్లలో ఎంతమంది మొత్తం మీద ఫర్వాలేదన్నారో ఆ శాతం. వందమంది రాసి, వందమందీ "ఓ మాదిరిగా ఉంది, చూడొచ్చు" అంటే అక్కడ 100 కనిపిస్తుంది. అరవైమంది ప్రాణం పెట్టి ప్రేమించి, నలభైమంది భరించలేకపోతే 60 కనిపిస్తుంది. నాకైతే రెండో సినిమాకు వెళ్లాలనిపిస్తుంది.

మీరు చెప్పేటప్పుడు స్టార్లు ఇవ్వడం మానేసి చూడండి, కొన్నాళ్లపాటు. దాని బదులు "ఈ సినిమా ఎవరికి చెప్తాను" అని రాయండి. "నిద్రపట్టని రాత్రి ఒక్కడే కూర్చుని చూసే మా అన్నయ్యకి చెప్తాను, ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పను" అన్న మాట మూడున్నర స్టార్ల కంటే ఎంతో చెప్తుంది.

రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు

ఒక చిన్న మార్పు చేసి చూపిస్తాను. ఊరికే అనుకుందాం, ఒక సినిమా మీద నేను ఇలా రాశాను: "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, హీరోయిన్ క్యారెక్టర్ వేస్ట్, క్లైమాక్స్ ఓవర్." ఇదే అభిప్రాయాన్ని చోట్లు చూపించి రాస్తే: "అక్క పెళ్లి ఆగిపోయేదాకా నేను కదల్లేదు. తర్వాత హీరో ఊరొదిలి వెళ్లాక అతనికి ఏం కావాలో నాకు అర్థం కాలేదు, డబ్బా, పరువా, ఆ అమ్మాయా. హీరోయిన్ మొదటి అరగంటలో సొంతంగా ఒక షాపు నడుపుతుంది, ఇంటర్వెల్ తర్వాత ఆ షాపు ఏమైందో సినిమాకే గుర్తులేదు. చివర్లో తండ్రి ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు, ఎందుకంటే ఆయన కొడుకుతో మాట్లాడిన సీను అంతకుముందు ఒక్కటీ లేదు." తీర్పు అదే, ఒక్క మార్కు కూడా మారలేదు. కానీ ఇప్పుడు దీనితో ఎవరైనా వాదించగలరు, "లేదు, ఆ షాపు సంగతి ఫలానా చోట చెప్పారు" అనొచ్చు, మనం మళ్లీ చూసి ఒప్పుకోవచ్చు.

స్పాయిలర్ విషయంలో గట్టిగా ఉండండి, చూడనివాళ్లతో మాట్లాడేటప్పుడు ముగింపు చెప్పకండి. ఎంతవరకు చెప్పొచ్చు అంటే, సినిమా తనంతట తాను మొదటి అరగంటలో చెప్పేసినంత వరకు. ఇందాక చెప్పిన గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్‌లో ఆ అబ్బాయి తాను చనిపోయిన తేదీని, 1945 సెప్టెంబర్ 21 అని, మొదట్లోనే చెప్పేస్తాడు. అక్కడ ఏం జరిగింది అన్నది దాచడం వాళ్ల ఉద్దేశం కాదు. తెలిసీ మనం చివరిదాకా ఆశపడుతూ కూర్చుంటామే, సినిమా పని అదే.

ఏ వెర్షన్ చూశారో కూడా చెప్పాల్సిన సినిమాలున్నాయి. బ్లేడ్ రన్నర్ 1982లో థియేటర్లకు వచ్చినప్పుడు హీరో గొంతుతో వ్యాఖ్యానం ఉంది, 1992 నాటి డైరెక్టర్స్ కట్‌లో అది తీసేశారు, ముగింపు మారింది, 2007లో ఫైనల్ కట్ వచ్చింది. ఇద్దరు స్నేహితులు రెండు వెర్షన్లు చూసి గంటసేపు పోట్లాడుకోవడం నా కళ్లతో చూశాను, ఇద్దరిదీ తప్పు లేదు.

ఇంకొకటి, నచ్చినవాళ్లను తక్కువ చేసి మాట్లాడకండి. సినిమా మీద ఎంత కోపమైనా చూపించండి, అది చూసి ఏడ్చినవాళ్ల మీద చూపించకండి. వాళ్లకు ఎక్కడ తగిలిందో అడిగితే మనకు తెలియని చోటు ఒకటి తెలుస్తుంది.

మాట మారితే

రెండోసారి చూశాక అభిప్రాయం మారిపోతే చాలామంది దాచుకుంటారు, మొదట తప్పు చెప్పామని ఒప్పుకున్నట్టు అవుతుందని. అలా ఏం లేదు. హిచ్‌కాక్ తీసిన వర్టిగోకు 1958లో వచ్చినప్పుడు విమర్శకుల నుంచి కలగాపులగం స్పందనే. సైట్ అండ్ సౌండ్ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులను అడిగి అత్యుత్తమ చిత్రాల జాబితా వేస్తుంది. మొదటిసారి బైసికిల్ థీవ్స్ పైనుంది, 1962 నుంచి 2002 దాకా సిటిజన్ కేన్, 2012లో ఆ వర్టిగోనే మొదటి స్థానానికి వచ్చింది, 2022లో దాన్ని దాటి పైకి వచ్చింది నేను గంటలో ఆపేసిన జాన్ డీల్‌మాన్. జీవితమంతా సినిమాలు చూసేవాళ్ల మాటే పదేళ్లకు, యాభయ్యేళ్లకు మారుతోంది. అందుకే నోట్సులో తేదీ వేయండి, పాతది కొట్టేయకండి, కింద కొత్తది రాయండి. నా పుస్తకంలో ఒకే సినిమాకు మూడు తేదీలున్న పేజీలున్నాయి, నేను ఎక్కువగా తిరగేసేది వాటినే.

చివరగా చెప్పేది నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది, ఇంట్లో చూసినప్పుడే కుదురుతుంది. సినిమా అయిపోయిన వెంటనే ఆపేయకుండా మొదటి పది నిమిషాలు మళ్లీ పెట్టి చూడండి. సిడ్నీ లూమెట్ 1957లో తీసిన ట్వెల్వ్ యాంగ్రీ మెన్ 96 నిమిషాల సినిమా, దాదాపు అంతా ఒకే గదిలో, హత్య కేసులో ఒక కుర్రాడు దోషా కాదా అని పన్నెండుమంది జ్యూరీ సభ్యులు వాదించుకోవడమే. మొదటిసారి చూసినప్పుడు వాదన మీదే నా ధ్యాస. గది రానురాను ఇరుకైపోతున్నట్టు, ఊపిరాడనట్టు ఎందుకు అనిపించిందో తెలియలేదు. వెంటనే మొదలు పెట్టి చూస్తే కెమెరా మనుషుల తలల కంటే ఎత్తు నుంచి చూస్తోంది, గది విశాలంగా ఉంది. చివరికొచ్చేసరికి అదే కెమెరా కళ్లకంటే కిందికి దిగిపోయి ఉంది, పైకప్పు కూడా కనిపిస్తోంది. ఇంకా వెనక్కి, సినిమా మొదటికి జరిపితే కోర్టు సీను, జడ్జి విసుగు గొంతుతో నియమాలు చెప్పేస్తున్నాడు, జ్యూరీ లేచి వెళ్తుంటే ఆ కుర్రాడు వాళ్ల వైపు చూస్తాడు. మొదటిసారి ఆ మొహాన్ని నేను పట్టించుకోలేదు, కథ ఇంకా మొదలవ్వలేదు కదా అనుకున్నాను. ఆ తర్వాత సినిమా మొత్తంలో ఆ అబ్బాయి మళ్లీ కనిపించడు. ఆ రాత్రి పుస్తకంలో మొదటి చోటు కొట్టేసి అతని చూపు గురించి రాశాను.